చలికాలమంతా స్పోర్ట్స్ కారును నిలిపి ఉంచాలంటే: వారానికోసారి స్టార్ట్ చేయాలా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ అర్థమవుతుంది. గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మంచు పడి, రోడ్ల మీద ఉప్పు చల్లే నాలుగైదు నెలలూ దాన్ని బయటికి తీయదలచుకోలేదు. గ్యారేజీ ఉంది, హీటింగ్ లేదు, కరెంటు ప్లగ్గు మాత్రం ఉంది. మూడు సందేహాలు: బ్యాటరీ తీసేయాలా, కారును స్టాండ్ల మీద ఎత్తి పెట్టాలా, వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే సరిపోతుందా.

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. స్టార్ట్ చేయకండి. కార్లను చలికాలానికి సిద్ధం చేయడం, వసంతంలో మళ్లీ రోడ్డెక్కించడం ఇరవై ఏళ్లుగా నా పని. కారు మీద ప్రేమతో చేసే తప్పుల్లో దీనంత నష్టం తెచ్చేది నేను ఇంకోటి చూడలేదు.

ఎందుకో చెప్తాను. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. వింటే నమ్మబుద్ధి కాదు కానీ లెక్క అంతే. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా మారుతుంది. రోడ్డు మీద బాగా నడిచి వేడెక్కిన కారులో ఆ ఆవిరి సైలెన్సర్ గుండా బయటికి వెళ్లిపోతుంది, మనకు కనిపించను కూడా కనిపించదు. గడ్డకట్టే చలిలో ఉన్న ఇంజిన్‌ను పది నిమిషాలు నిలబెట్టి నడిపితే ఆ ఆవిరికి ఎక్కడ చూసినా చల్లటి ఇనుమే తగులుతుంది. సైలెన్సర్ డబ్బాలో నీళ్లై నిలుస్తుంది. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చేసింది కదా అనుకుంటాం. అది కూలెంట్ వేడి, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవానిది. ఆ సమయానికి ఆయిల్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, అందులో చేరిన నీళ్లు ఆవిరై పోయేంత వేడి దానికి ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. చల్లటి ఇంజిన్‌కు కంప్యూటర్ పెట్రోల్ కాస్త ఎక్కువగా పంపుతుంది. అందులో మండకుండా మిగిలింది సిలిండర్ గోడల మీదున్న పల్చటి ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి దిగుతుంది. నెలల తరబడి కదలని ఇంజిన్‌కు తుప్పు నుంచి రక్షణ ఇచ్చేది ఆ పొరే. పోనీ బ్యాటరీకైనా మేలు జరుగుతుందా అంటే, చల్లబడ్డ బ్యాటరీ ఛార్జిని చాలా నెమ్మదిగా తీసుకుంటుంది. వారమంతా ఖర్చయినది పది నిమిషాల్లో తిరిగి రాదు.

ఒక వసంతంలో ఒకాయన తన కారు తెచ్చి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో కూలెంట్, ఆయిల్ కలవకుండా అడ్డుండే పల్చటి సీలు) పోయినట్టుంది చూడండి అన్నారు. ఆయిల్ పోసే మూత తిప్పి చూస్తే లోపల వెన్న పూసినట్టు లేత పసుపు రంగు మడ్డి. మనిషి చాలా టెన్షన్‌లో ఉన్నారు. కూలెంట్ వైపు ప్రెజర్ పెట్టి చూశాను, ఎక్కడా దిగలేదు, గ్యాస్కెట్ నిక్షేపంగా ఉంది. చలికాలంలో ఏం చేశారని అడిగితే, ప్రతి ఆదివారం పొద్దున్నే తప్పకుండా పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేవాణ్ణి అన్నారు. ఆ మడ్డి అంతా ఆయిల్, నీళ్లు కలిసి చిలికినట్టయి వచ్చింది. ఆయిల్ మార్చి, ఒక పూట బాగా తిప్పి, మళ్లీ మార్చాం. ఇంజిన్ దక్కింది. సైలెన్సర్ చివరి డబ్బా మాత్రం లోపల్నుంచి తుప్పు తినేసి అడుగున చిల్లు పడింది, అది మార్చాల్సి వచ్చింది.

కాబట్టి రెండే దారులు. రోడ్డు పొడిగా ఉండి, ఉప్పు లేని రోజు దొరికితే కనీసం 40 నిమిషాలు బాగా నడిపి తీసుకురండి. ఆయిల్ టెంపరేచర్ మీటర్ ఉంటే అది 90 డిగ్రీలకు చేరాక ఇంకో పావుగంట నడవాలి. అలాంటి రోజు దొరక్కపోతే ఇంజిన్‌ను ముట్టుకోకండి. నాలుగైదు నెలలు కదలకుండా ఉన్నంత మాత్రాన, సరిగ్గా సిద్ధం చేసిన ఇంజిన్‌కు ఏమీ కాదు. ఇక తలుపు మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపడం మాట ఎత్తకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

ఇంతసేపూ నేను చెప్పింది నీళ్ల గురించే అని గమనించే ఉంటారు. నిలిపి ఉంచిన కారును పాడుచేయడంలో చలి పాత్ర తక్కువ, చెమ్మ పాత్ర ఎక్కువ. ఇక ముందు చెప్పబోయే పనుల్లో సగం పైన చెమ్మను కారు దగ్గరికి రానీయకుండా చూసుకోవడమే.

మొదటి పని కడగడం. రోడ్డు మీద ఉప్పు పడకముందే చేయాలి. ఒక్కసారి ఉప్పు రోడ్డు మీద తిరిగినా అది అడుగు భాగంలో, చక్రాల గూళ్ల లోపల పట్టుకుంటుంది. ఉప్పుకు గాల్లో తేమను లాక్కునే గుణం ఉంది కాబట్టి, గ్యారేజీలో పెట్టాక కూడా ఇనుమును తడిగానే ఉంచుతుంది. పైన షాంపూ పెట్టి కడగడం అందరూ చేస్తారు, అసలు శ్రద్ధ పెట్టాల్సింది కింద. చక్రాల గూళ్ల అంచుల్లో వేళ్లు పెట్టి చూడండి, ఎండిన బురద పెళ్లలు పెళ్లలుగా వస్తుంది. పక్షుల రెట్టలు, చచ్చిన పురుగుల మరకలు నెలల తరబడి అలాగే ఉంటే పెయింట్ పై పొరను తినేస్తాయి, అవీ పూర్తిగా పోవాలి. తర్వాత ఒక కోటింగ్ వాక్స్ పెట్టండి.

మీది గుడ్డ టాప్ కాబట్టి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. టాప్ మీద పడ్డ వాన నీళ్లు కిందికి పోవడానికి ఇలాంటి చాలా కార్లలో సీట్ల వెనక రెండు మూలల్లో సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో ఆకులు, దుమ్ము చేరి మూసుకుపోతాయి. ఒక గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోయండి, కారు కింద ధారగా బయటికి రావాలి. రాకపోయినా, చుక్కలు చుక్కలుగా వచ్చినా గొట్టం పూడిపోయిందన్నమాట, ఆ నీళ్లు సీట్ల కింద కార్పెట్‌లోకి చేరుతున్నాయన్నమాట. మెత్తటి ప్లాస్టిక్ తీగ దూర్చి శుభ్రం చేయండి. గట్టి ఇనుప తీగ వాడితే గొట్టం కీలు దగ్గర ఊడిపోతుంది, ఆ తర్వాత అందుకోవడం చాలా కష్టం. టాప్‌ను పూర్తిగా ఆరబెట్టి, మూసి, లాకులు వేసి ఉంచాలి. తడి మీద మడిచి పెడితే బూజు పడుతుంది. పొడిగా ఉన్నా నెలల తరబడి మడిచే ఉంటే మడతల దగ్గర గీతలు పడిపోతాయి, గుడ్డ కాస్త బిగుసుకుంటుంది కూడా.

కడిగిన వెంటనే గ్యారేజీలో పెట్టకండి. అరగంట నడిపి, మధ్యలో బ్రేకులు బాగా వాడి, డిస్కులు, ప్యాడ్లు, తలుపుల లోపలి భాగాలు ఆరనివ్వండి. ఇంటికి చేరే ముందు ఆఖరి పది నిమిషాలు ఏసీ ఆపేసి ఫ్యాన్ మాత్రం ఫుల్లులో పెట్టండి. ఏసీ కాయిల్ మీద ఉన్న తడి ఆరిపోతుంది, వసంతంలో ముక్కిన వాసన రాదు.

ఇంజిన్ ఆయిల్ ఇప్పుడే మార్చండి. వసంతంలో మారుద్దాంలే అని చాలామంది వాయిదా వేస్తారు, అది తలకిందుల లెక్క. వేసవంతా వాడిన ఆయిల్‌లో మండగా మిగిలిన ఆమ్లాలు, తేమ, మసి ఉంటాయి. వాటిని నాలుగు నెలలు బేరింగుల మీద ఎందుకు ఉంచాలి? కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, పైన చెప్పిన ఆ అరగంట డ్రైవ్ అప్పుడే చేస్తే కొత్త ఆయిల్ అన్ని మూలలకూ చేరుతుంది. నాలుగైదు నెలల తర్వాత దాన్ని మళ్లీ మార్చనక్కర్లేదు. ఒకవేళ మీ కారుది డ్రై సంప్ ఇంజిన్ (ఆయిల్‌ను ఇంజిన్ అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉంచే రకం) అయితే, ఆయిల్ లెవెల్ ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తయారీదారు చెప్పిన పద్ధతిలోనే చూడాలి. నిలిపి ఉంచిన కారులో ఆయిల్ ట్యాంకులోంచి కిందికి దిగిపోతుంది. వసంతంలో చల్లటి ఇంజిన్ మీద లెవెల్ చూసి తక్కువుందని పోసేస్తే ఎక్కువైపోతుంది.

కూలెంట్ గురించి మాత్రం నిర్లక్ష్యం వద్దు. గ్లైకాల్, నీళ్లు సగం సగం ఉన్న కూలెంట్ సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. వేసవిలో ఎవరైనా ఒట్టి నీళ్లు పోసుకుంటూ వచ్చి ఉంటే అది పల్చబడి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు అంటున్నారు కాబట్టి ఇది తప్పకుండా చూసుకోవాలి. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న దుర్బిణి లాంటి పరికరం ఉంటుంది, ఒక చుక్క వేసి వెలుతురు వైపు చూస్తే ఎంత చలికి ఆగుతుందో గీత చూపిస్తుంది. మంచిదని ఒట్టి గ్లైకాల్ నింపకండి. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, కలిపితేనే బలం. అద్దం కడిగే నీళ్ల ట్యాంకులో కూడా వేసవి నీళ్లు తీసేసి చలికాలపు ద్రవం పోయండి, లేకపోతే ఆ ట్యాంకో, పంపో పగులుతుంది.

బ్రేక్ ఆయిల్ కూడా తేమను లాక్కుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155కి దిగుతుంది. రెండేళ్లు దాటిందంటే, లేదా ఎప్పుడు మార్చారో పాత యజమానికి కూడా తెలియదంటే, ఇప్పుడే మార్పించండి.

పెట్రోల్ విషయంలో భయాలు కొంచెం ఎక్కువ ప్రచారంలో ఉన్నాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పట్టుకుంటుంది, అది మోతాదు మించితే చలిలో నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి, పంపు పీల్చేది అడుగు నుంచే. ఇదంతా నిజం. కానీ ఇప్పటి కార్ల ట్యాంకులు బయటి గాలికి అంతగా తెరుచుకుని ఉండవు కాబట్టి నాలుగైదు నెలలకు అలా జరగడం అరుదు. ఈ సమస్య నిజంగా వేధించేది కార్బ్యురేటర్ ఉన్న పాత కార్లను. వాటిలో ఫ్లోట్ గిన్నెలో ఉన్న పెట్రోల్ ఆవిరైపోయి జిగురు పొర మిగులుతుంది. అయినా స్టెబిలైజర్, అంటే పెట్రోల్ త్వరగా పాడవకుండా అందులో కలిపే ద్రవం, వాడమనే చెప్తాను, ఖర్చు తక్కువ, నష్టం లేదు. ముందు స్టెబిలైజర్ పోసి, తర్వాత ట్యాంకు నింపి, ఓ 15 కిలోమీటర్లు నడపండి. అప్పుడే అది ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. నింపేటప్పుడు నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే ఆపేయండి. ఇంకో చుక్క, ఇంకో చుక్క అని ఒత్తితే పెట్రోల్ వెళ్లి, ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బాలో పడుతుంది, అది పాడైతే మార్చడమే.

ఇక మీ మొదటి ప్రశ్న, బ్యాటరీ. ఒక చిన్న లెక్క వేసుకుందాం. కారు ఆపి తాళం వేసినా అలారం, కీ రిసీవర్, కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. మీది 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే 25 రోజుల్లో సగం ఖాళీ, 50 రోజుల్లో పూర్తిగా ఖాళీ. దిగిపోయిన బ్యాటరీకి రెండు ప్రమాదాలు. ఒకటి, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ ఛార్జి పట్టదు. రెండోది, దాని లోపల ఆమ్లం పల్చబడి దాదాపు నీళ్లలా మారుతుంది. నిండా ఛార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50లో కూడా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయినది మైనస్ 10 దగ్గరలోనే గడ్డకట్టి పగిలిపోతుంది.

మీ గ్యారేజీలో ప్లగ్గు ఉంది కాబట్టి బ్యాటరీ తీయనక్కర్లేదు. ఛార్జి నిండాక తనంతట తానే తగ్గించుకుని, ఆ స్థాయిని నిలబెట్టే ఆటోమేటిక్ ఛార్జర్ ఒకటి పెట్టి వదిలేయండి. పాతకాలం మామూలు ఛార్జర్ అలా నెలల తరబడి వదలకూడదు, అది బ్యాటరీని మరిగించేస్తుంది. ఏజీఎం రకానికి (ఆమ్లాన్ని గాజు పీచు చాపల్లో పట్టి ఉంచే లెడ్ యాసిడ్ బ్యాటరీ) ఛార్జర్‌లో వేరే సెట్టింగ్ ఉంటుంది. కొన్ని స్పోర్ట్స్ కార్లలో బరువు తగ్గించడానికి లిథియం బ్యాటరీ పెడతారు, దానికి దాని కోసమే తయారైన ఛార్జర్ ఉండాలి, పైగా సున్నా డిగ్రీల కంటే కింద లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే దెబ్బతింటుంది. అలాంటిదైతే తీసి ఇంట్లో పెట్టడమే మేలు. బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే దిగిపోతుందనే మాట ఇప్పటికీ వింటుంటాను. నేటి ప్లాస్టిక్ డబ్బాల బ్యాటరీలకు అది వర్తించదు. రిమోట్ కీ మాత్రం కారుకు దూరంగా ఉంచండి. గ్యారేజీ గోడకు తగిలించి పెడితే, కొన్ని కార్లు కీ దగ్గరలోనే ఉందనుకుని నిద్రపోకుండా మేలుకునే ఉంటాయి.

బ్యాటరీ ముందు డిక్కీలో ఉండి, ఆ డిక్కీ లాక్ కరెంటు మీద పనిచేసే కార్లకు ఒక హెచ్చరిక. కొన్నేళ్ల క్రితం నేనే ఒక కారు బ్యాటరీ తీగ విప్పి, అలవాటు కొద్దీ డిక్కీ మూత టక్కున మూసేశాను. లోపల కరెంటు లేదు, మూత తెరవాలంటే కరెంటు కావాలి, కరెంటు ఇవ్వాలంటే మూత తెరవాలి. ఫ్యూజు డబ్బాలో దాని కోసమే ఒక పిన్ను ఉంటుందని, దానికి బయటి నుంచి ప్లస్ ఇస్తే లాక్ వస్తుందని మాన్యువల్లో వెతికి తెలుసుకునేసరికి మధ్యాహ్నమైంది. ఇలాంటి కారైతే తీగ విప్పే ముందు మాన్యువల్లో ఆ పేజీ చదివి పెట్టుకోండి, మూత గొళ్లెం దగ్గర మడిచిన గుడ్డ పెట్టి పూర్తిగా పడకుండా చూడండి. తలుపు అద్దాలకు ఫ్రేమ్ లేని కార్లలో ఇంకో చిక్కు ఉంది. తలుపు తీసేటప్పుడు అద్దం కొంచెం కిందికి దిగి రబ్బరు నుంచి విడిపోతుంది. కరెంటు లేకపోతే అది దిగదు, బలంగా లాగితే రబ్బరు చిరుగుతుంది.

స్టాండ్ల మాట. నాలుగైదు నెలలకు అవసరం లేదు, నేనైతే వద్దంటాను. కారు బాడీ కింద స్టాండ్లు పెట్టి ఎత్తితే చక్రాలు వేలాడతాయి, సస్పెన్షన్ బుషింగుల రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, షాక్ అబ్జార్బర్ కడ్డీలు బయటికి వచ్చి తేమకు దొరుకుతాయి. స్టాండ్ల గురించి అడిగేవాళ్ల భయం టైర్లు ఒకవైపు చదునుగా అయిపోతాయనే కదా. దానికి గాలి ఎక్కువ కొట్టించడం చాలు. మామూలుగా 33 పీఎస్ఐ పెడుతుంటే 42 నుంచి 45 దాకా పెట్టండి, టైరు పక్కన ముద్రించిన గరిష్ఠం మాత్రం దాటకూడదు. చలి 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు 2 పీఎస్ఐ దానంతట అదే తగ్గుతుంది, ఆ లెక్క కూడా ఇందులో కలిసిపోతుంది. కింద దళసరి రబ్బరు చాపో, ఫోమ్ ముక్కో వేస్తే ఇంకా మంచిది. అంతచేసినా వసంతంలో మొదటి పది ఇరవై కిలోమీటర్లు చక్రాలు కాస్త దడదడలాడతాయి, వేడెక్కాక ఆ ఆకారం పోతుంది. స్టీరింగ్ వణుకు అప్పటికీ తగ్గకపోతేనే టైర్లు చూపించండి.

టైర్ల గురించే ఇంకో ముఖ్యమైన మాట. స్పోర్ట్స్ కార్ల వేసవి టైర్ల రబ్బరు చలిలో గాజులా గట్టిపడుతుంది. మైనస్ 7 కంటే కిందికి పోయాక ఆ కారును గ్యారేజీలోనే అటూ ఇటూ కదిపినా ట్రెడ్ మీద పగుళ్లు రావచ్చు. చదునైపోతాయేమో అని గడ్డకట్టే చలిలో కారును అడుగు ముందుకు తోసేవాళ్లను చూశాను. ఆ పని వద్దు. మీ ప్రాంతంలో చలి దానికంటే బాగా కిందికి పోతే, చక్రాలు విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. స్టాండ్లకు నేను ఒప్పుకునేది ఆ ఒక్క సందర్భంలోనే. అప్పుడు కూడా వాటిని బాడీ కింద కాకుండా, తయారీదారు అనుమతిస్తే సస్పెన్షన్ ఆర్ముల కింద పెట్టాలి.

హ్యాండ్ బ్రేక్ వేయకండి. ప్యాడ్లు డిస్కులకు తుప్పుతో అతుక్కుపోతాయి. వసంతంలో బలవంతంగా కదిపితే టప్పుమని శబ్దం వచ్చి ప్యాడ్ ముక్క డిస్కుకే అంటి ఊడి వస్తుంది. గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపగానే ఎలక్ట్రానిక్ బ్రేక్ తనే పడిపోతుంది, దాన్ని పడకుండా చేసే పద్ధతి మాన్యువల్లో ఉంటుంది. మొదట బ్రేకులు బాగా ఆరనివ్వమన్నది కూడా ఇందుకే.

ఎలుకల గురించి ఎవరూ మొదట్లో నమ్మరు. చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత కంత చాలు. కదలని కారు, వెచ్చటి మూల, మెత్తటి ఇన్సులేషన్, దానికి ఇల్లు కట్టుకోవడానికి ఇంకేం కావాలి. ఒక కారు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పినప్పుడు లోపల చూసింది ఇప్పటికీ కళ్ల ముందుంది: బానెట్ కింది పీచు తెచ్చి కట్టిన గుండ్రటి గూడు, దాని కింద రెండు గుప్పెళ్ల కుక్క తిండి గింజలు. ఆ గింజల సంచి కారు పక్కనే, అదే గ్యారేజీలో ఉంది. అందుకే ముందు తిండి అనేది గ్యారేజీలోనే లేకుండా చేయండి. సీట్ల కింద బిస్కెట్ పొడి కూడా వ్యాక్యూమ్‌తో తీసేయండి. గాలి లోపలికి పీల్చే దారి, సైలెన్సర్ గొట్టాలు రెండింటికీ గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు దూర్చండి. మామూలు ఇనుప పీచు వద్దు, తుప్పు పట్టి గొట్టం అంచున మరక పెడుతుంది. ఎన్ని చోట్ల ఏం దూర్చారో ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కు కట్టండి, నాలుగు నెలల తర్వాత గుర్తుండదు. గోడల వెంబడి బోన్లు పెట్టి వాటిని తరచూ చూస్తుండండి. కలరా ఉండలు మాత్రం కారు లోపల వేయకండి. ఎలుకలు ఆగుతాయో లేదో కానీ ఆ వాసన తోలు సీట్లకూ టాప్ గుడ్డకూ పట్టి ఏళ్ల తరబడి వదలదు.

గ్యారేజీ నేల ఒకసారి పరీక్షించుకోండి. ఒక మీటరు ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే అడుగున నీటి బొట్లు కనిపించాయా, మీ నేల చెమ్మను పైకి పంపుతోందన్నమాట. అప్పుడు కారు నిలిపే జాగా అంతా దళసరి ప్లాస్టిక్ షీటు వేసి, దాని మీద కారు పెట్టండి. గాల్లో తేమ 50 శాతం దగ్గర ఉంటే హాయి, 60 దాటి రోజుల తరబడి ఉంటే తుప్పు వేగం పుంజుకుంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు కొని గోడకు తగిలించండి. తేమ తీసే యంత్రం కొనాలనుకుంటే, హీటింగ్ లేని గ్యారేజీకి కంప్రెసర్ రకం పనికిరాదు, చలిలో దాని కాయిల్ మీద మంచు కట్టి ఆగిపోతుంది. తేమను పీల్చే పదార్థంతో పనిచేసే రకం తీసుకోండి. కారు లోపల సిలికా జెల్ సంచులు రెండు పెట్టండి, పాదాల దగ్గరి మ్యాట్లు తీసి ఇంట్లో పెట్టండి.

కవర్ గాలి ఆడే గుడ్డది కావాలి. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పితే తేమ లోపలే చిక్కుకుని పెయింట్ మీద తెల్లటి మచ్చలు వస్తాయి. దుమ్ము ఉన్న కారు మీద ఎంత ఖరీదైన కవర్ వేసినా గీతలే.

ఇన్సూరెన్స్ పూర్తిగా రద్దు చేయకండి. నిలిపి ఉన్న కారుకూ అగ్ని ప్రమాదం, దొంగతనం భయం ఉంటుంది, ఆ భాగం కొనసాగించండి.

తర్వాత నెలకు రెండుసార్లు వెళ్లి చూడండి, స్టార్ట్ చేయడానికి కాదు. ఛార్జర్ లైటు పచ్చగా ఉందా, బోన్లలో ఏమైనా పడిందా, తేమ మీటరు ఎంత చూపిస్తోంది, కారు కింద కొత్తగా మరకలు ఉన్నాయా. పది నిమిషాల పని.

వసంతంలో రోడ్ల మీది ఉప్పును రెండు మూడు వానలు కడిగేదాకా ఆగండి. ఆ రోజు ముందు స్టీరింగ్‌కు కట్టిన కాగితం చదివి, దూర్చినవన్నీ తీయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. టైర్ల గాలి మామూలు స్థాయికి దించండి. స్టార్ట్ అవగానే యాక్సిలరేటర్ తొక్కకండి, ఆయిల్ ప్రెజర్ లైటు ఆరిపోయాక ఓ నిమిషం ఆగి మెల్లగా బయల్దేరండి, ఆయిల్ వేడెక్కేదాకా 3,000 ఆర్‌పీఎం దాటనివ్వకండి. డిస్కుల మీద సన్నటి గోధుమ రంగు తుప్పు పొర కనిపిస్తుంది, మొదటి నాలుగైదు బ్రేకులతో పోతుంది. ఆ కాసేపూ గరగరమంటుంది, ముందున్న బండికి కాస్త ఎక్కువ దూరం ఉంచండి.

మీ బ్యాటరీ మీద ఏజీఎం అని ఉందా, లిథియం అని ఉందా, మామూలుదా అన్నది చూసి చెప్పండి. దాంతోపాటు టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ గాలి అంకె కూడా రాయండి. ఛార్జర్ ఏ సెట్టింగ్‌లో పెట్టాలో, టైర్లలో సరిగ్గా ఎంత గాలి కొట్టించాలో చెప్తాను.